పులికాట్ గడ్డిలో ప్లాస్టిక్ పోగులు

(హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో యువతీ యువకుల కోసం చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన సభల్లో ముందు వరుస ఎప్పుడూ ఎవరో పెద్దమనుషుల కోసం అట్టే పెట్టి ఉంచుతాం. ఇవాళ అంతా మన వాళ్ళమే.

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువుకోండి, చదువుకోండి అని మీకు చెప్పేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. అందుకని నేను చదివిన చదువులోంచి ఒక్క విషయం తీసుకుని చెబుతాను. అది పులికాట్ సరస్సు గడ్డి గురించి. ఆ గడ్డిలో చేరుతున్న ప్లాస్టిక్ గురించి. ఇది యానాదుల సంఘం సభలో చెప్పాల్సిన విషయమేనా అని కార్యదర్శిగారు ఫోన్లో కొంచెం సందేహంగానే అడిగారు. అవునో కాదో విన్నాక మీరే చెప్పండి.

మాది పాత నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. సూళ్ళూరుపేట వైపు సరస్సు ఒడ్డున గిరిజన కాలనీ. మీలో సగం మంది అమ్మానాన్నలదీ అటే. మా అమ్మ మోకాటి లోతు నీళ్ళలో వంగి, రెండు చేతులూ బురదలో ఆడిస్తూ రొయ్యలు పట్టేది. వల లేదు, పడవ లేదు. తాటాకు బుట్టను పళ్ళతో కరిచి పట్టుకునేది. రెండు చేతులకూ పని ఉంది కదా, బుట్ట ఇంకెక్కడ పెట్టుకుంటుంది! దొరికిన రొయ్యను తల ఎత్తకుండా బుట్టలో వేసేది. మన అవతల తమిళనాడు వైపు ఇరుళ్ళ ఆడవాళ్ళు కూడా ఇదే పద్ధతిలో పడతారు. సరస్సు ఒకటే, మధ్యలో రాష్ట్రాల గీత మాత్రం మనుషులు గీసింది.

అమ్మ ఎక్కడ పడితే అక్కడ వంగేది కాదు. కాళ్ళతో వెతికేది. పాదానికి మెత్తగా, జారుడుగా, సన్న ఆకులు తగిలితే అక్కడ ఆగేది. "ఇక్కడ గడ్డుంది, రొయ్య ఉంటుంది" అనేది. నేను కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు లెక్చరర్ బోర్డు మీద రొయ్యల జీవిత చక్రం గీసి, పిల్ల రొయ్యలు సముద్రం నుంచి ఉప్పుటేరుల్లోకి, సరస్సుల్లోకి వచ్చి గడ్డి చాటున పెరుగుతాయని చెప్పారు. మా అమ్మ కాలికి తెలిసిన సంగతి నా నోట్సులోకి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈ గడ్డి అంటే నాచు కాదు. ఈ తేడా మనవాళ్ళే చాలామంది పట్టించుకోరు. అంతా నాచు, పాచి అనేస్తాం. నాచుకు వేరు లేదు, పువ్వు లేదు. సముద్రపు గడ్డికి నిజమైన వేరు ఉంది, ఆకు ఉంది, పువ్వు పూస్తుంది, గింజ కడుతుంది. అంటే మన వరి, మన తుంగ లాగా అది పూల మొక్కే. ఎప్పుడో లక్షల లక్షల ఏళ్ళ కిందట నేల మీది మొక్కల వంశం ఒకటి తిరిగి ఉప్పునీళ్ళలోకి వెళ్ళి అక్కడే బతకడం నేర్చుకుంది. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి డెబ్భై జాతుల దాకా ఉన్నాయి. మన దేశంలో పెద్ద గడ్డి మైదానాలు పాక్ జలసంధిలో, మన్నార్ సింధుశాఖలో, అండమాన్, లక్షద్వీప్‌లలో ఉన్నాయి. ఒడిశా చిలికాలో ఉంది. మన పులికాట్‌లో కూడా ఉంది. పాక్ జలసంధిలో ఈ గడ్డినే మేసి బతికే సముద్రపు ఆవుల కోసం తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో 448 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. మన దగ్గర సముద్రపు ఆవులు లేవు. గడ్డి మీద బతికేది రొయ్య, పీత, కత్తిపరిగె, వాటి వెనక మనం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పులికాట్‌లో పాడు అనే పద్ధతి ఉంది. పాడు అంటే వంతు. మంచి లోతున్న రేవుల్లో ఏ రోజు ఎవరు వల కట్టాలో వంతుల వారీగా పంచుకుంటారు. చాలా పాత పద్ధతి, గొడవలు రాకుండా చూసే తెలివైన పద్ధతి. విదేశాల పరిశోధకులు సైతం వచ్చి దాని గురించి రాశారు. కానీ ఆ వంతుల్లో మన పేరు ఎక్కువ చోట్ల లేదు. వల, పడవ, రేవు ఉన్నవాళ్ళకే వంతు. మనకు మిగిలింది ఒడ్డు పక్క లోతు లేని నీరు. గడ్డి పెరిగేది కూడా అక్కడే, ఎందుకంటే గడ్డికి ఎండ తగలాలి. కాబట్టి గడ్డికి ఏమైనా అయితే ముందుగా తగిలేది పెద్ద పడవలవాళ్ళకు కాదు. పడవ లేనివాళ్ళకు.

సరే, ప్లాస్టిక్ సంగతికి వస్తాను.

ఐదు మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటారు. ఈ మాటను లోకానికి తెలిసేలా చేసింది ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్, 2004లో. ఆయన అడిగిన ప్రశ్న చాలా సాదాగా ఉంటుంది: ఇంత ప్లాస్టిక్ సముద్రంలోకి పోతోంది కదా, అదంతా ఎక్కడుంది? జవాబు ఏమిటంటే, పోలేదు, ముక్కలై కంటికి కనపడకుండా ఇసుకలో, బురదలో కలిసిపోయింది అని.

ఇప్పుడు గడ్డి చేసే పని చూడండి. నీళ్ళలో గడ్డి గుబురుగా ఉంటే పారే నీటి జోరు తగ్గుతుంది. జోరు తగ్గితే అందులో తేలుతున్న మట్టి, ఒండ్రు కిందికి దిగుతాయి. అలా దిగిన ఒండ్రే గడ్డికి ఎరువు. నీరు తేటగా మారుతుంది, ఎండ అడుగుదాకా వెళుతుంది, గడ్డి ఇంకా పెరుగుతుంది. వేళ్ళు బురదను పట్టి ఉంచుతాయి. గడ్డి గొప్పతనమంతా ఈ పట్టుకునే గుణంలోనే ఉంది. కానీ దానికి మట్టి రేణువేదో ప్లాస్టిక్ ముక్కేదో తెలియదు కదా. రెండింటినీ ఒకే విధంగా ఆపి, తన కాళ్ళ దగ్గర దింపుకుంటుంది.

ఇంకో సంగతి. గడ్డి ఆకు మీద చేయి వేస్తే జిగటగా ఉంటుంది. సన్నటి పాచి, కంటికి కనపడని జీవులు ఆకు చుట్టూ పొరలా పెరుగుతాయి. నత్తలు, పిల్ల రొయ్యలు, చిన్న చేపలు గీక్కుని తినేది ఎక్కువగా ఆ పొరనే. ప్లాస్టిక్ పోగు వచ్చి ఆ జిగటకు అంటుకుంటే, పాచి దాని మీదుగా కూడా పెరిగి అక్కడే కట్టేస్తుంది. మధ్య అమెరికాలో బెలీజ్ అనే చిన్న దేశం ఉంది. అక్కడి సముద్రపు గడ్డి ఆకులు పదహారు కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే పన్నెండు ఆకులకు ప్లాస్టిక్ అంటుకుని ఉంది. ఎక్కువ భాగం దారపు పోగులే. ఆ అధ్యయనం 2018లో వచ్చింది. పదహారు ఆకులు చాలా చిన్న లెక్కే, కాదనను. కానీ ఆకు మీద అంటుకున్నది నత్త నోట్లోకి వెళ్ళే దారి ఎంత దగ్గరో అది చూపించింది.

స్పెయిన్ దగ్గర మధ్యధరా సముద్రంలో ఇంకో వింత ఉంది. అక్కడ పెరిగే ఒక రకం గడ్డి ఎండి రాలితే, దాని పీచు అలలకు దొర్లి దొర్లి కొబ్బరిపీచు బంతుల్లా గుండ్రంగా తయారై ఒడ్డుకు వస్తుంది. మయోర్కా దీవి తీరంలో ఏరిన అలాంటి బంతులను విప్పి చూశారు. కిలో పీచులో అత్యధికంగా 1,470 ప్లాస్టిక్ ముక్కలు లెక్కకు వచ్చాయి. 2021లో అది అచ్చయినప్పుడు పత్రికలన్నీ "గడ్డి సముద్రాన్ని శుభ్రం చేస్తోంది" అని రాశాయి. నాకు ఆ శీర్షిక నచ్చలేదు. మన ఇంట్లో చెత్త ఎత్తే మనిషి చేతికి అంటిన మురికిని చూసి "ఎంత బాగా శుభ్రం చేస్తోంది" అన్నట్టుంది అది. ఒడ్డుకు వచ్చిన బంతులు కొన్ని. లోపల బురదలో దిగబడినదే ఎక్కువ.

పులికాట్‌కు తిరిగి వద్దాం. మన సరస్సు సముద్రంలా కాదు, ఒక పెద్ద పళ్ళెం లాంటిది. నాలుగు వందల చదరపు కిలోమీటర్లకు పైనే, చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కానీ లోతు సగటున ఒక మీటరు. ఉత్తరపు వైపు ఎండాకాలం వస్తే నీరు ఇంకిపోయి పగుళ్ళిచ్చిన నేల కనపడుతుంది. మేం చిన్నప్పుడు అక్కడ పరుగెత్తి ఆడుకున్నవాళ్ళమే. ఇప్పుడు ఆ ఎండిన నేల మీద పడి ఉన్న కవర్లను చూడండి. నెల్లూరు ఎండకు, ఉప్పుకు, గాలికి కవరు పెళుసైపోతుంది. చేత్తో పట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు సరస్సు మళ్ళీ నిండుతుంది. రాలిన ఆ పొరలన్నీ నీళ్ళలోకి వెళతాయి. ఒక కవరు వెయ్యి ముక్కలై వెళ్ళింది. వానాకాలంలో చెత్త ఏరుదామంటే అక్కడ కవరు ఉండదు, ఏరుకోవడానికి.

వచ్చింది బయటికి పోవాలి కదా అంటారు. పోవాలంటే సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాలు బాగుండాలి. రాయదొరువు దగ్గర, కొండూరుపాలెం దగ్గర ఇసుక మేటలు వేసి మూసుకుపోతున్నాయని జాలర్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. దానికి తోడు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు. 1970 దరిదాపుల్లో శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఇచ్చారు, మనవాళ్ళను దీవిలోంచి ఇవతలికి పంపారు, ఆ రోడ్డు వచ్చింది. రాకెట్లు ఎగిరినప్పుడు మనమూ మేడెక్కి చప్పట్లు కొట్టాం, ఇప్పుడూ కొడతాం. కానీ రోడ్డు కట్టతో నీటి రాకపోకలు తగ్గాయన్నది కూడా నిజమే.

ఇంతవరకు విన్నాక మీకు అనుమానం రావాలి: అసలు పులికాట్‌కు పెద్ద జబ్బు ప్లాస్టిక్కేనా అని. కాదు. నేను నిజాయితీగా చెబుతాను. ముఖద్వారాల పూడిక, మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే పాళ్ళు తప్పడం, పైనుంచి వచ్చే మురుగు, ఒండ్రు... ఇవి ముందు వరుస. ప్లాస్టిక్ వాటి వెనకాల వస్తుంది. కానీ ముఖద్వారం మూసుకున్న సరస్సులో ఏది వచ్చినా ఉండిపోతుంది. మట్టి అయినా అంతే, మురుగైనా అంతే, ప్లాస్టిక్ అయినా అంతే. అందులో మట్టి, మురుగు కాలంతో ఏదో ఒకటిగా మారతాయి. ప్లాస్టిక్ చిన్నదవుతుంది గానీ మారదు.

ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. కాళంగి నది సూళ్ళూరుపేట పక్కనుంచి వస్తుంది. ఆరణి నది తమిళనాడు వైపు నుంచి కలుస్తుంది. బకింగ్‌హామ్ కాలువ ఉంది. ఊళ్ళ చెత్త ఆ దారుల్లో వస్తుంది. ఇది అందరికీ తెలిసిందే, త్వరగా దాటేస్తాను. మనం ఎక్కువగా మాట్లాడుకోనివి రెండున్నాయి.

ఒకటి రొయ్యల చెరువులు. మన పిల్లలు, మన అన్నదమ్ములు ఎంతమంది ఆ చెరువుల గట్ల మీద కాపలా ఉంటున్నారో మీకు చెప్పనక్కర్లేదు. కొందరు అడ్వాన్సు తీసుకుని, తీరక, కుటుంబంతో సహా ఏళ్ళ తరబడి అక్కడే గుడిసె వేసుకుని ఉండిపోయారు. ఆ చెరువు గట్టు మీద ఏముంటుంది? మేత సంచులు, అల్లిన ప్లాస్టిక్ సంచులు. కొంగలు రాకుండా చెరువు మీద అడ్డంగా కట్టిన ప్లాస్టిక్ తాళ్ళు. గట్లకు పరిచిన ప్లాస్టిక్ పట్టాలు. ఒక్క మేత సంచి ఎండలో ఆర్నెల్లు ఉంటే ఎట్లా పీచులు పీచులుగా రేగుతుందో చూసే ఉంటారు. పంట అయ్యాక చెరువు నీళ్ళు వదిలితే ఆ పీచులు ఎటు పోతాయి? కాలువలోకి, అక్కడి నుంచి ఏటిలోకి, సరస్సులోకి. దీనికి చెరువు యజమాని పేరు ఎక్కడా రాదు. కాపలా ఉన్న మనవాడే సంచులు పారేశాడని రాస్తారు.

రెండోది వలలు. ఇది చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే ఇది మన చేతిలోంచి కూడా జరుగుతోంది. మా తాత కాలంలో నూలు వల. తుమ్మ చెక్క ఉడికించిన రసంలో ముంచి ఆరేసేవాళ్ళు, గట్టిపడుతుందని. చిరిగిన ముక్క నీళ్ళలో పడితే కొన్నాళ్ళకు కుళ్ళిపోయేది. ఇప్పుడు నైలాన్. తేలిక, చవక, ఎక్కువ రోజులు వస్తుంది. తప్పేం లేదు, నేనూ నైలాన్ వలే వాడేవాణ్ణి. కానీ వల బాగుచేసేటప్పుడు కత్తిరించిన కొసలు ఎక్కడ పడతాయి? కూర్చున్న చోటే, ఒడ్డునే. వేలెడంత కొసలు, గోరంత కొసలు. స్కాట్లాండ్‌లో క్లైడ్ అనే సముద్రపు పాయలో పట్టిన ఎర్ర రొయ్యలను కోసి చూస్తే నూటికి ఎనభై మూడింటి పొట్టలో ప్లాస్టిక్ పోగులున్నాయి, కొన్నింట్లో అవి ఉండ చుట్టుకుని ఉన్నాయి. 2011లో ఆ అధ్యయనం అచ్చయింది. వలల తాళ్ళ పోగులతో అవి సరిపోయాయి. అది పెద్దగా వలలు ఈడ్చే చోటు. మన దగ్గర అంత లేదు, మన పనిముట్లు చిన్నవి. అయినా దారి అదే.

"అయితే రొయ్యలు తినొద్దా?" అని మా ఇంట్లోనే అడిగారు. తినండి. కొచ్చి దగ్గర సముద్రంలో పట్టిన తెల్లరొయ్యల మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. సగటున రొయ్యకు ఒక ముక్క కూడా పడలేదు. దొరికినవాటిలో దారపు పోగులే ఎక్కువ. రొయ్య వీపు మీది నల్ల నరం తీసేస్తాం కదా, అది నరం కాదు, దాని పేగు. తీసేసి వండుకుంటే చాలావరకు పోతుంది. పొట్టతో సహా తినే నెత్తళ్ళు, ఆలిచిప్పలు వంటివాటి దగ్గర కొంచెం ఆలోచించాలి. ఎక్కువగా అవి తినేది ఎవరు? కిలో వెయ్యి రూపాయల రొయ్య కొనలేనివాళ్ళు. మంచి రొయ్యను అమ్ముకుని, ఎండు చేపల పులుసు పెట్టుకునేవాళ్ళు. నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎవరి కంచంలోకి వస్తుందో చెబుతున్నాను.

రొయ్య తరఫున ఆలోచించండి ఇంకో పక్క. దానికి ఆకలేస్తుంది, తింటుంది, పొట్ట నిండుతుంది, బలం రాదు. ప్లాస్టిక్ తిన్న చిన్న జీవుల మీద ప్రయోగశాలల్లో చూసినప్పుడు చాలాసార్లు కనిపించింది ఇదే: తిండి తగ్గుతుంది, పెరుగుదల తగ్గుతుంది. గడ్డిలో రొయ్య తగ్గితే మా అమ్మ లాంటి మనిషికి అది "ఈ ఏడు రొయ్య లేదు" అనే మాటగా తెలుస్తుంది. ఎందుకు లేదో ఏ ఆఫీసు కాగితంలోనూ ఉండదు. బుట్టతో పట్టింది ఏ రికార్డులోనూ ఎక్కదు కాబట్టి, తగ్గినా ఎక్కదు.

ఇప్పుడు ఈ హాలు దగ్గరికి వస్తాను. శ్రీనగర్ కాలనీలో కూర్చుని పులికాట్ గురించి మాట్లాడటం కొంతమందికి ఎబ్బెట్టుగా ఉండొచ్చు. మీలో చాలామంది ఇక్కడికి దగ్గరలోనే, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో ఉంటున్నారు. కొందరు షూటింగుల్లో క్యాటరింగు, కొందరు సెట్టు పని, కొందరు హాస్టళ్ళలో ఉండి చదువు. ఈ వీధిలో పడ్డ వాన నాలాల్లోంచి హుస్సేన్ సాగర్ వైపు పోతుంది. హుస్సేన్ సాగర్ అలుగు మూసీలోకి. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అది నాగార్జునసాగర్‌కు దిగువన. ఆ తర్వాత పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, ఆపైన హంసలదీవి, సముద్రం. దారిలో ఆనకట్టల దగ్గర చాలా ఆగిపోతుంది, అంతా సముద్రానికి చేరదు. చేరినదాన్ని నవంబరు, డిసెంబరు నెలల్లో కోస్తా వెంబడి ప్రవాహం దక్షిణానికి తీసుకుపోతుంది. కృష్ణ ముఖద్వారానికి దక్షిణాన మన నెల్లూరు తీరమే. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ప్రవాహం తిరగబడి ఉత్తరానికి నడుస్తుంది. ఈ గదిలో విదిల్చిన పోగు మా అమ్మ పాదాల దగ్గరికే వచ్చిందని నేను ప్రమాణం చేయను. దారి మాత్రం ఉంది, మధ్యలో తెగలేదు.

సెట్టు పని చేసే తమ్ముళ్ళు ఉన్నారు కదా, వాళ్ళను ఒక్కటి అడుగుతాను. గుడి స్తంభాలు, కోట గోడలు, దేవుడి విగ్రహాలు... థర్మకోల్‌తో చెక్కుతారు. ఎంత నైపుణ్యం ఉంటుందో నేను చూశాను, రాయి అనే అనుకుంటాం. చెక్కేటప్పుడు రాలిన తెల్ల గుళ్ళు ఏమవుతాయి? చీపురుతో ఊడుస్తారు, గాలికి సగం ఎగిరిపోతాయి. వానకు కాలువలోకి. అవి నీళ్ళలో మునగవు, తేలుతూ ఎంత దూరమైనా పోతాయి, చేప గుడ్లలా కనపడతాయి. అలంకరణకు వాడే థర్మకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పెళ్ళి మండపాల్లో ఎంత ఆగిందో మీరే చూస్తున్నారు. సెట్టు మీద దాన్ని ఆపే అధికారం మీకు లేదు, నాకు తెలుసు. రోజు కూలీ మీద ఉన్నవాడు మేస్త్రీకి ఎదురు చెప్పలేడు. కానీ చెక్కే చోట కింద ఒక పాత పరదా పరవడం మీ చేతిలో పని. పని అయ్యాక దాన్ని మూట కట్టడం ఐదు నిమిషాలు.

బట్టల సంగతి కూడా. పాలిస్టరు చొక్కా, ఆక్రిలిక్ స్వెట్టరు ఉతికితే పోగులు ఊడతాయి. ప్లిమత్‌లోనే 2016లో లెక్క కట్టారు. ఆరు కిలోల ఆక్రిలిక్ బట్టలు మెషీన్‌లో ఒకసారి ఉతికితే ఏడు లక్షలకు పైగా పోగులు నీళ్ళలోకి పోవచ్చని తేలింది. మీరు ఉతకడం మానమని ఎవరూ చెప్పరు. వేడినీళ్ళు అవసరం లేకపోతే వాడకండి, మెషీన్ నిండా బట్టలు వేసి ఉతకండి. అంతకంటే ఇంట్లో మనం చేయగలిగింది తక్కువ. మురుగు శుద్ధి చేసే ప్లాంట్లు పెట్టడం ప్రభుత్వాల పని, ఆ లెక్క మన మీద వేసుకోవాల్సిన అవసరం లేదు.

పోయినేడు కాదు, అంతకు ముందు ఏడు, నేను ఊరెళ్ళినప్పుడు ఒక పని చేశాను. గడ్డి ఆకులు నాలుగైదు, కొంచెం బురద, గాజు సీసాలో తెచ్చి, తెలిసిన ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఆకు అంచున నీలం రంగు పోగు ఒకటి, పాచిలో సగం కూరుకుని కనిపించింది. వల పోగు కావచ్చు, చీర పోగు కావచ్చు. అది పరిశోధన కాదు, దాన్ని ఎక్కడా అచ్చు వేయలేను. ఊరికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. "నీలం పోగా? మన వల ఆకుపచ్చది కదరా" అంది. అమ్మకు ముందు మనమీద నింద రాకూడదన్నదే వచ్చింది. ఎందుకో మీకు తెలుసు. 1952లో ఆ నేరస్థ జాతుల చట్టం పోయింది గానీ, ఊళ్ళో ఏది పోయినా ముందు మన కాలనీకే వచ్చిన రోజులు ఆమె చూసింది. వెన్నెలకంటి రాఘవయ్యగారు మనవాళ్ళ తరఫున తిరిగి, పోరాడి, 1962లో యానాదుల మీద పుస్తకం రాశారు. ఆయన రాసినదాన్లో మన చేతికి, నీటికి ఉన్న సంబంధం కనపడుతుంది. ఆ తర్వాత మన గురించి రాసినవాళ్ళు చాలావరకు బయటివాళ్ళే.

నాకు ఈ సభ నుంచి కావలసింది అదే. గడ్డి ఎక్కడ ఉంది, ఎక్కడ పోయింది అన్నది మన ఆడవాళ్ళకు తెలుసు. అది ఏ మ్యాపులోనూ లేదు. ఫోన్లు అందరి చేతుల్లో ఉన్నాయి. మీ అమ్మనో అమ్మమ్మనో తీసుకుని ఒడ్డుకు వెళ్ళి, "ఇక్కడ గడ్డి ఉండేదా? ఎప్పటిదాకా ఉంది? ఏ నెలలో రొయ్య వచ్చేది?" అని అడిగి, ఆమె మాటల్లోనే రికార్డు చేయండి. చోటు గుర్తు పెట్టండి. నెలకోసారి ఒడ్డున యాభై అడుగులు కొలుచుకుని, అందులో పడి ఉన్న వల కొసలు, మేత సంచి పీచులు, థర్మకోల్ గుళ్ళు, కవరు ముక్కలు విడివిడిగా లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయండి. ఏది ఎంతో రాసి ఉంటే, రేపు ఎవరైనా వచ్చి "ఇదంతా యానాదుల వలల చెత్తే" అన్నప్పుడు పుస్తకం తీసి చూపించవచ్చు. మన వల కొసలు ఎక్కువ తేలితే అదీ రాయండి. దాచకండి.

ఇంకొకటి చాలా ముఖ్యం. కొంతమంది మంచి మనసుతో, చేతికి గ్లౌజులు, టీషర్టులు వేసుకుని, చెత్త ఏరడానికి వస్తారు. ప్లాస్టిక్ ఇరుక్కున్న గడ్డిని గుత్తులు గుత్తులుగా పీకి సంచుల్లో నింపుతారు. అది "నాచు" అనుకుని. ఫొటోలో శుభ్రంగా కనపడుతుంది. కానీ వేరుతో పీకిన గడ్డి మళ్ళీ రావడానికి ఏళ్ళు పట్టొచ్చు, అది పట్టి ఉంచిన బురద, ఆ బురదలో ఉన్న ప్లాస్టిక్ అంతా మళ్ళీ నీళ్ళలోకి లేస్తుంది. ప్రపంచం మొత్తంలో 1879 నుంచి లెక్కలు దొరికిన చోట్ల సముద్రపు గడ్డి దాదాపు ముప్పై శాతం పోయిందని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఉన్నదాన్ని పీకి శుభ్రం చేయడం కంటే తెలివితక్కువ పని లేదు. అక్కడ ఉంటే ఆపండి. గౌరవంగానే చెప్పండి, "అమ్మా, ఇది నాచు కాదు, గడ్డి, దీని మీద మేం బతుకుతాం" అని.

సంక్రాంతి సెలవుల్లో నేను ఊరెళుతున్నాను. రావాలనుకునేవాళ్ళు కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. పదిమంది కంటే ఎక్కువ వద్దు, అందరం నీళ్ళలో దిగితే గడ్డి తొక్కేస్తాం. అది పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి, ఆ పని నేను చూసుకుంటాను. చెప్పులు వద్దు, ఆలిచిప్పలు కోస్తాయనుకుంటే పాత గుడ్డ బూట్లు తెచ్చుకోండి. గాజు సీసా ఒకటి, నోటు పుస్తకం ఒకటి. నీళ్ళలో ఎలా నడవాలో మా అమ్మ చూపిస్తుంది. ఇప్పుడు ఆమెకు వంగడం కుదరదు, ఒడ్డున కూర్చుని చెబుతుంది. గట్టిగా మాట్లాడండి, చెవి కొంచెం తగ్గింది.